మూడు మూసల కింద జాజు చుక్కలు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి కెమిస్ట్రీ విభాగాధిపతిగా బదిలీ చేశారు. లాబ్‌లో ఒక చిన్న ఫర్నేసు ఉండేది. చండ్రుగొండ దగ్గరి గూడెం నుంచి వచ్చే ముత్తమ్మ లాబ్ అటెండర్. గెస్ట్ లెక్చరర్ శైలజ నా దగ్గరే పీహెచ్‌డీ చేసేది.

శైలజ పని లిథియం సిలికేట్ పొడుల మీద. సిలికానిచ్చే ద్రవంలో లిథియం లవణం కలిపి కాస్త ఆమ్లం చేరిస్తే, అది పెరుగు తోడుకున్నట్టు మెల్లగా జెల్ అవుతుంది. దాన్ని ఎండబెట్టి కాలిస్తే స్ఫటికాల పొడి వస్తుంది. ఆమ్లం మారితే స్ఫటికాలు ఎలా మారతాయన్నదే ఆమె ప్రశ్న. నైట్రిక్, ఎసిటిక్, సిట్రిక్ ఆమ్లాలతో చేసిన మూడు జెల్‌లను ఎండబెట్టి మూడు మూసల్లో, అంటే మంటకు తట్టుకునే చిన్న పింగాణీ గిన్నెల్లో, పెట్టాం. ద్రవం సీసా అంతటితో ఖాళీ. కొత్తది రావాలంటే నెల పడుతుంది, థీసిస్ ఇవ్వడానికి పదిహేను రోజులే గడువు.

ముత్తమ్మ మూసలకు జాజుతో గుర్తు పెట్టబోయింది. జాజు అంటే గడపలకు, పొయ్యిలకు పూసే ఎర్రమన్ను. అందులోని ఇనుము పొడిలో పడితే పనంతా పాడవుతుందని కసిరాను. మార్కర్‌తో నేనే పేర్లు రాసి, ఆమెతో ఫర్నేసులో పెట్టించాను. అంతకుముందంతా నంబర్లు చెక్కిన మూసలతోనే పనిచేసినవాణ్ణి, సిరా కాలిపోతుందని తట్టనేలేదు.

మర్నాడు ఫర్నేసు తెరిస్తే సిరా కాలిపోయి, పేర్లు లేకుండా మూడు మూసలూ తెల్లగా ఉన్నాయి. సిట్రిక్ ఆమ్లం కాలేటప్పుడు పొంగుతుంది కాబట్టి, బాగా గుల్లబారిన పొడి దానిదేనని తెలుస్తూనే ఉంది. మిగతా రెండింటికీ తేడా లేదు. శైలజ స్టూల్ మీద కూలబడింది. ఎడమవైపుది నైట్రిక్ అయి ఉంటుందిలే, అలాగే రాసుకో అందామనుకున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ముత్తమ్మ మెల్లగా అంది: "సార్, కోప్పడకుర్రి. మీరు వద్దన్నరని లోపలికి పోకుండ అడుగున పెట్టిన. నైట్రిక్‌కు ఒక చుక్క, పుల్ల వాసనదానికి రెండు, నిమ్మ ఉప్పుదానికి మూడు. పొయ్యికి పూసే జాజు మంటకు పోతదా?"

పట్టకారతో ఒక్కొక్కటే ఎత్తి చూశాను. గుల్లబారిన పొడి కింద మూడు చుక్కలున్నాయి, కాబట్టి మిగతావీ నమ్మొచ్చు. నేను నైట్రిక్ అనుకున్నదాని కింద రెండు చుక్కలు కనిపించాయి. నా ఊహ ప్రకారం రాసి ఉంటే రెండు ఆమ్లాల ఫలితాలు తారుమారై, తప్పు శైలజ పేరుతో అచ్చయ్యేది.

థీసిస్ గడువులోపే వెళ్లింది. కృతజ్ఞతల పేజీలో నా పేరుకన్నా ముందు ముత్తమ్మ పేరు రాయమన్నాను. ఆమెకు ఈనాటికీ రుణపడి ఉన్నాను.

కాల్చే మూసకు గుర్తు అడుగున, మంటకు నిలిచేదానితో పెట్టాలి. అది నేర్చుకోవడానికి ఒక్క రోజు చాలింది. అటెండర్ చెప్పేది పూర్తిగా విన్నాకే వద్దనాలని నేర్చుకోవడానికి మాత్రం నా సర్వీసంతా పట్టింది.