ఒకే గొట్టంలో నాలుగు కేబుళ్లు

పరదేశి నాలుగో తరగతితో బడి మానేశాడు. చోడవరం చుట్టుపక్కల చెరకు నరికాడు, గోవాడ ఫ్యాక్టరీలో సీజనుకు సీజను బస్తాలు మోశాడు. నలభై దాటాక నడుం పట్టెయ్యడం మొదలైంది. అప్పుడు విశాఖపట్నంలో కేబుళ్లు లాగే బంగార్రాజు మేస్త్రీ ముఠాలో చేరాడు. పొద్దున్నే మొదటి బస్సెక్కడం, పొద్దుగూకాక చోడవరంలో దిగడం. అలా ఆరేళ్లు.

డెబ్బై ఎనిమిదిలో, ఉప్పెన వచ్చిన మరుసటేడు, ముఠాకి సముద్రం పక్కన ఒక ఆఫీసులో పని దొరికింది. పడవలకీ ఓడలకీ గాలివాన కబుర్లు పంపే ఆఫీసు. బీరువాలంతేసి కంప్యూటర్లు రెండు వచ్చాయి. వచ్చిన కబుర్లన్నీ దాచిపెట్టే డిస్కు పెట్టెలు రెండు, పక్క గదిలో. ఒక్కో పెట్టె నుంచి రెండు కంప్యూటర్లకీ చెరో కేబులు వెళ్లాలి. ప్లానులో రెండు ఎర్ర గీతలు నేల కింద గొట్టంలోంచి పోతున్నాయి. రెండు నీలం గీతలు వెనక గోడ వెంబడి చుట్టూ తిరిగి పోతున్నాయి. పరదేశికి ఇంగ్లీషు రాదు గానీ గీతలు తెలుసు.

ఇంజినీరు దేవకుమార్ బూట్లు బయట విప్పి లోపలికొచ్చే మనిషి. ఒకరోజు పరదేశిని పిలిచి, "ఈ పని సాఫీగా అయితే ఇక్కడే పర్మినెంటు ఖలాసీ పోస్టు ఒకటుంది. నీ పేరు రాస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం భార్య అచ్చియ్యమ్మకు చెప్పాడు.

"పర్మినెంటంటే ఏటి మావా? నడుం పడిపోయినా జీతవిస్తారా?"

"ఇస్తారే."

"అయితే పడిపోనీ" అని నవ్విందావిడ.

తీరా చూస్తే నీలం గీతలు పోవాల్సిన వెనక గోడ గొట్టంలో ఎప్పుడో సిమెంటు పోసేసి ఉంది. కేబుళ్లు లాగే తాడు దూరలేదు. కొట్టి తియ్యాలంటే రెండు రోజులు. మర్నాడే మిషన్లు నడిపి చూడాలి. మేస్త్రీ చిరాకుపడ్డాడు.

"ఒరే పరదేశీ, నాలుగూ కలిపి కట్టి నేల కింద నుంచే లాగెయ్యరా. ఎటెల్తే ఏటి, సేరితే సాలు కదా!"

ఒకే చోటుకి పోయే కేబుళ్లను ఒకే తాడుకు కట్టి లాగడం ముఠాకి అలవాటే. పరదేశే ముడి వేశాడు. నలుగురూ కలిసి లాగారు. పైన పలకలు మూసేశారు.

మర్నాడు దేవకుమార్ ఒక కంప్యూటరు ఆపేశాడు. కబుర్లు టైపు కొట్టే మిషను ఒక్క క్షణం ఆగి, మళ్లీ కొట్టడం మొదలెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"బాబూ, ఆపేసేరు కదా, మరిదెలా కొడతంది?" అన్నాడు పరదేశి.

"పెట్టెలో ఉన్నదాన్ని రెండో కంప్యూటరు అందుకుంది. కంప్యూటరు పోయినా, కేబులు తెగినా ఇంకో దారుంటుంది. నీలం గీతల్ని అంత చుట్టూ తిప్పింది అందుకే. నేల కిందికి నీళ్లొచ్చినా గోడ వెంబడివి మిగుల్తాయి. గాలివాన రోజున ఒక్క గంట ఇది ఆగిందనుకో, పడవల వాళ్లకి కబురందదు." భుజం తట్టి, "రేపు పని అయిందని సంతకం పెడతాను. నీ కాగితం కూడా రేపే" అన్నాడు.

పరదేశి మూసేసిన పలకల వైపు చూశాడు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. అచ్చియ్యమ్మ అడిగితే జరిగింది చెప్పాడు.

"అలా కట్టమంది మేస్త్రీయే కదా. ఆడు సెప్పుకుంటాడా?"

"ఆడెందుకు సెప్తాడే."

"మరి నువ్వూ ఊరుకో. ఆ పలకల కింద ఎవులు సూస్తారు?"

"ఎవులూ సూడరు. అదే నా బాద."

"పోస్టు పోతాది."

"పోతాది."

పొద్దున్న అచ్చియ్యమ్మ చద్దన్నం మూట చేతికిచ్చింది.

దేవకుమార్ బూట్లు విప్పుతుండగానే పరదేశి ఎదురెళ్లాడు. "బాబూ, సంతకం పెట్టకండి" అని, లోపలికి తీసుకెళ్లి పలక ఎత్తి చూపించాడు. దేవకుమార్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాలుగు కేబుళ్లూ ఒకే మోపుగా గొట్టంలోకి దూరుతున్నాయి.

"నిన్న నేను కంప్యూటరు ఆపి చూశాను గానీ దారి చూడలేదు" అన్నాడు. "ఎవరు కట్టారు?"

గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీ మొహం పాలిపోయింది.

"ముడి నాదే బాబూ" అన్నాడు పరదేశి.

రెండు రోజులు పరదేశి ఒక్కడే ఉలి పట్టుకుని సిమెంటు కొట్టాడు. మిషన్లకు దుమ్ము పడకుండా దుప్పట్లు కప్పారు. నీలం గీతల కేబుళ్లు గోడ వెంబడి వెళ్లాయి. దేవకుమార్ ఈసారి నేల కింది కేబుళ్లు రెండూ పీకి చూశాడు. మిషను కొడుతూనే ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"రెండు రోజులు ఎందుకు ఆలస్యమైందని పైనుంచి అడిగారు" అన్నాడు దేవకుమార్, తల దించుకుని. "ఉన్నది రాశాను. పోస్టుకి ఇంకొకర్ని తీసుకుంటారట."

"అయ్యిందే కదా బాబూ రాసేరు."

మేస్త్రీ కూడా పరదేశిని ముఠాలోంచి తీసేశాడు. సీజను మొదలవగానే పరదేశి మళ్లీ గోవాడలో బస్తాల దగ్గర చేరాడు. ఆ కేబుళ్లు ఎన్నాళ్లు పనిచేశాయో అతనికి ఎవరూ చెప్పలేదు.

ముందునుంచీ అక్కడే బస్తాలు మోస్తున్న తవిటయ్య ఒకనాడు ఉండబట్టలేక అనేశాడు: "నోరు మూసుకునుంటే ఈపాటికి కుర్సీలో కూకుందువు కదరా!"

"కూకుందును" అన్నాడు పరదేశి. "గాలేసినప్పుడల్లా ఉలికిపడి లెగుదును."

బస్తా కింద భుజం పెట్టాడు.