సింహాచలానికి స్నానం చేయించిన శనివారం

తగరపువలసలో మా పక్కింటి మేరీ వదిన నెలకో శనివారం చర్చి ఆడవాళ్ళతో విశాఖ వెళ్ళి, రోడ్డు పక్కన బతికే ఆడవాళ్ళకు తలంటి స్నానం చేయించి వస్తుంది. వెళ్ళేముందు నా దగ్గర పాత చీరలు తీసుకుంటుంది. ఆ చీరలు ఎవరు కట్టుకుంటున్నారో చూడాలనిపించి ఈసారి నేనూ బయల్దేరాను. ఇలాంటి పని మీద వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఉదయం ఏడింటికి రైల్వే స్టేషన్ బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. స్టేషన్ నుంచి కాన్వెంట్ జంక్షన్‌కు ఆటో ఎనభై రూపాయలు. మా ఒళ్ళోని బకెట్లు చూసి డ్రైవర్, "ఏటమ్మా, ఇల్లు మారుతన్నారా?" అన్నాడు. సంగతి చెబితే, అది బొగ్గు లారీలు తిరిగే రోడ్డనీ, పొద్దున్న కడిగింది సాయంత్రానికి మళ్ళీ నల్లబడుతుందనీ అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

ఫ్లైఓవర్ కింద స్తంభాల మధ్య చీరలు కట్టి చాటు చేశాం. దగ్గర్లోని పబ్లిక్ బాత్రూముల వాళ్ళు బకెట్ ఐదు రూపాయల లెక్కన నీళ్ళిచ్చారు. నలుగురు ఆడవాళ్ళు తమంతట తామే వచ్చి కూర్చున్నారు. సింహాచలం అనే ఆమె మాత్రం స్తంభాన్ని పట్టుకుని వదల్లేదు. జుట్టు అట్టకట్టి, ఒళ్ళంతా బొగ్గు పేరుకుని, అరవై ఏళ్ళ మనిషిలా కనిపించింది. వద్దు వద్దంటూనే ఉంది. సిగ్గుపడుతోందనుకున్నాం. "నీళ్ళు కరవవులే అప్పా" అంటూ వదిన బుజ్జగించి తీసుకొచ్చింది. నేను వీపు రుద్దాను. నల్లటి నీళ్ళు పోగా పోగా ముప్పై అయిదు దాటని ముఖం బయటపడింది. నా నీలం వాయిలు చీర కట్టాం. పెళ్ళికూతురిలా ఉన్నావని ఎవరో అంటే మిగతావాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం టీ కొట్టు దగ్గర నిలబడ్డ మగాళ్ళ వైపే చూస్తూ ఉండిపోయింది.

అందరం పులిహోర తిన్నాక, మూడింటికి బయల్దేరబోతూ, మర్చిపోయిన చెంబు కోసం నేనొక్కదాన్నే వెనక్కి వెళ్ళాను. స్తంభం వెనక సింహాచలం గొంతుక్కూర్చుని, రోడ్డంచున పేరుకున్న బొగ్గు పొడి దోసిట్లోకి తీసి ముఖానికి, మెడకు, నా చీరకు పులుముకుంటోంది. ఇదేం పనని అడిగాను.

"మురికిగుంటేనే ఎవులూ సెయ్యెయ్యరమ్మా. రేత్తిరికి మీరుండరు కదా."

పరిగెత్తి వదినను పిలుచుకొచ్చాను. వదిన ఆడవాళ్ళ రాత్రి బస నడిపేవాళ్ళకు ఫోన్ చేసింది. మంచాలన్నీ నిండిపోయాయి, సోమవారం పొద్దున్న ఒకటి ఖాళీ అవుతుందన్నారు. అది సింహాచలం పేరు మీద ఉంచమని వదిన బతిమాలి ఒప్పించింది. ఆ మాట చెబితే సింహాచలం తలూపింది. తర్వాత నాకు వీపు తిప్పింది.

"ఎనక అందట్లేదు. నువ్వే రాయమ్మా."

పొద్దున్న సబ్బుతో రుద్దిన ఆ వీపుకే నా చేత్తో బొగ్గు రాశాను. ఇంకా ఎక్కడైనా తెల్లగా కనబడుతోందా అని ఆమె అడుగుతుంటే, చూసి చూసి రాశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నా గోళ్ళలో నలుపు అలాగే ఉంది. శుభ్రం చేయడమంటే మేలు చేయడమేనని ఇల్లు నడిపిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనుమానించలేదు. రాత్రికి తలుపు గడియ వేసుకునే వాళ్ళకే అది నిజమని ఇప్పుడు అనిపిస్తోంది. సోమవారం రావడానికి మధ్యలో రెండు రాత్రులున్నాయి.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. ఆడవాళ్ళకు స్నానం చేయించాలనుకుంటే, ఆ రాత్రికి తలుపున్న చోట మంచం ఖాయం చేసుకున్నాకే మొదటి బకెట్ నింపండి. మంచం దొరక్కపోతే అన్నం పెట్టి రండి, ఒంటి మీది మురికి జోలికి వెళ్ళకండి.