అరవై గ్రాముల గంట

తిహామేర్‌కు లోకంలోని వస్తువులన్నీ సెకన్లలోనే కనపడతాయి. కుర్చీ చూపిస్తే కుర్చీ అనడు, నలభై కిలోమీటర్ల సైకిలు పందెంలో అది గాలికి అడ్డంపడి ఎన్ని సెకన్లు తినేస్తుందో చెబుతాడు.

ఏటా జూన్‌లో మా వెలెన్సె సరస్సు దగ్గర ఈత, సైకిలు, పరుగు మూడూ కలిపిన పందెం జరుగుతుంది. దానికోసం ఈయన ఏడాది పొడుగునా సైకిలుకు కొత్త కొత్త భాగాలు కొని బిగిస్తూనే ఉంటాడు. పళ్ళెంలా మూసుకుపోయిన వెనక చక్రం యాభై రెండు సెకన్లు ఆదా. తోక ఉన్న హెల్మెట్ ముప్ఫై ఎనిమిది. మేజోళ్ళు నాలుగు. అన్నీ షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంటాయి. మీసం మూడు సెకన్లు తింటోందని తేల్చి, ముప్ఫై ఏళ్ళ మీసాన్ని ఒక్క పూటలో గీకి పారేశాడు. ఆ మొహం చూసి భార్య ఎతెల్క వారం రోజులు చెల్లెలింట్లో ఉండిపోయింది. తలుపు మీది సెకన్లన్నీ కూడితే ఆయన బయల్దేరకముందే గమ్యం చేరిపోవాలి.

చేరేది మాత్రం అందరికన్నా ఆఖరున. ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు.

మా దగ్గర పందెం అయ్యాక ఒడ్డున పెద్ద కాగులో చేపల పులుసు కాస్తారు. ఆఖరున వచ్చినవాళ్ళు ఏప్రన్ కట్టుకుని ఆ కాగు తోమాలి. మాంసం కొట్టు లోరింట్స్ మైకు పట్టుకుని దాన్నంతా ఊరికి వర్ణించి చెబుతాడు. తాను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నీళ్ళలో కాలు పెట్టిన పాపాన పోలేదు.

"చూడండి బాబూ, జిల్లాలోకెల్లా ఖరీదైన సైకిలు గిన్నెలు తోముతోంది."

ఇంకో వింత. బోల్టులకు చిల్లులు పొడిచి రెండు గ్రాములు తగ్గించుకునే ఈ మహానుభావుడు, హ్యాండిల్‌కు పాతకాలపు ఇత్తడి గంట ఒకటి తగిలించుకు తిరుగుతాడు. అరవై గ్రాములు. తలుపు మీద దాని పేరే లేదు. "ఇది ఎన్ని సెకన్లు బాబాయ్?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "వెలుతురుకి అడ్డం రాకు" అంటాడు.

ఈసారి పందానికి పోస్టాఫీసు పిరోష్క పేరిచ్చింది. నలభై ఆరేళ్ళు. మొగుడు వదిలి వెళ్ళాక తనకోసం తాను మొదలుపెట్టిన మొదటి పని అది. లోరింట్స్ ఆ సంగతి విని, స్టాంపుల కోసం వరసలో నిలబడ్డ పదిమంది ముందే, "ఏప్రన్ ఇంటినించి తెచ్చుకుంటావా, మమ్మల్నే ఇమ్మంటావా?" అన్నాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ఆఖరున వస్తే ఇక సైకిలు మొహం చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. మర్నాడు తిహామేర్ షెడ్డుకు వెళ్ళింది.

"ఒక్కటే కొనగలను బాబాయ్. ఏది కొనను?"

"చక్రమైతే యాభై రెండు. హెల్మెట్ ముప్ఫై ఎనిమిది. కానీ తల తిప్పకూడదు. వెనక్కి చూశావా, ఆరు సెకన్లు పోయినట్టే."

"మరి వెనక ఎవరైనా ఉన్నారో లేదో తెలిసేదెట్లా?"

"తెలిసి ఏం చేస్తావ్?"

"నాకు సెకన్లు అక్కర్లేదు బాబాయ్. ఆఖరున రాకుండా ఉంటే చాలు."

తిహామేర్ సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "టైర్లు అరిగిపోయాయి, అవి మార్చు. సీటు రెండు వేళ్ళు పైకెత్తు. మిగతావన్నీ నాలాంటి పిచ్చోళ్ళకి."

పందెం రోజు పిరోష్క నీళ్ళలోంచి అందరికన్నా ఆఖరున బయటికొచ్చింది. సైకిళ్ళన్నీ వెళ్ళిపోయాయి, రెండు తప్ప. ఒకటి ఆమెది. రెండోదాని పక్కన తిహామేర్ మోకాళ్ళ మీద కూర్చుని ఏదో తిప్పుతున్నాడు. ఆయన ఏడోవాడిగా ఒడ్డుకొచ్చాడని ఈదుతుండగానే మైకులో తన చెవులతో విన్నది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటి బాబాయ్?"

"ఈ బోల్టు సంగతి తేలాలి. నువ్వు పో."

వెళ్ళింది. కాసేపటికి వెనక గంట మోగింది. ట్రింగ్. హమ్మయ్య, వెనక ఒకరున్నారు. పాకోజ్ద్ ఊరి దగ్గర ఎత్తు ఎక్కుతూ దిగిపోదామనుకున్నప్పుడల్లా ట్రింగ్. ఎదురుగాలికి కాళ్ళు రాయిలా బిగుసుకుపోతే మళ్ళీ ట్రింగ్. ఇంత ఖరీదు సైకిలు పెట్టుకుని నన్ను దాటలేకపోతున్నాడు, పాపం, అని జాలి కూడా పడింది.

సైకిళ్ళు వదిలేసి పరుగు మొదలైంది. ఆఖరి కిలోమీటరులో ఊపిరి అందక ఆగిపోబోతుంటే వెనక మళ్ళీ ట్రింగ్.

ఆమె తల తిప్పింది. తోక హెల్మెట్ తీయకుండానే తిహామేర్ పరిగెడుతున్నాడు. చేతిలో ఊడదీసిన గంట. మొహాన చెమట చుక్క లేదు. ఎనిమిదేళ్ళ తంతు ఏమిటో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఉన్న ఊపిరి ఒకదానికే సరిపోతుంది కనక నవ్వింది.

"అయితే ఇన్నేళ్ళూ నువ్వు కావాలనే..."

"తల తిప్పకు. ఆరు సెకన్లు."

"ముందుకు పో బాబాయ్. కాగు నేను తోముతా."

"దాని జోలికి రాకు. ఇసకతో ఎట్లా రుద్దాలో నీకేం తెలుసు?"

ఆమె గీత దాటాక, సరిగ్గా పది అడుగుల వెనక ఆయన దాటాడు. లోరింట్స్ మైకులో విరగబడి నవ్వాడు. ఊరూ నవ్వింది. ఎవరూ పిరోష్క వైపు చూడలేదు.

వారం తర్వాత ఆమె మళ్ళీ షెడ్డుకు వచ్చింది.

"బాబాయ్, ఆ గంట ఎక్కడ కొన్నావ్?"

"దండగ. అరవై గ్రాములు. నీకెందుకు?"

"వచ్చే ఏడు బేకరీ అక్కచెల్లెళ్ళు పేరిస్తారట. ఇద్దరికీ భయమే."

తిహామేర్ మీసం లేని పైపెదవి గోక్కున్నాడు.

"సరే, కొనుక్కో. కానీ కాగు మీద మాత్రం ఆశ పెట్టుకోకు. అది నాది."