మగ్గం గుంటలో కోడిగుడ్లు

ఆ రోజుల్లో చేతిలో డిగ్రీ, ఫోనులో డేటా ఉంటే చాలు, లోకంలో నాకు తెలియని సంగతంటూ ఉండదని గట్టి నమ్మకం. ఉద్యోగం మాత్రం ఇంకా రాలేదు. (వచ్చి ఉంటే మంగళగిరిలో కొన్ని కోళ్లు పుట్టేవే కావు.) మా నాయనమ్మ ప్రాణంగా పెంచుకున్న నాటు పెట్ట గుడ్ల మీద కూర్చుందో లేదో వీధికుక్క ఎత్తుకుపోయింది. ఆ పూట నాయనమ్మ అన్నం ముట్టలేదు. బుట్టలో మిగిలిన గుడ్లను చూస్తూ కళ్లొత్తుకుంటుంటే ఉండబట్టలేక, వీటిని పిల్లలు చేసి నీ ఒళ్లో పోస్తానని మాటిచ్చేశాను. కోళ్ల గురించి అప్పటిదాకా నాకు తెలిసింది కూర వరకే.

ఆటోనగర్‌లో మెకానిక్ అయిన మా మేనమామ, చేపలొచ్చే థర్మోకోల్ పెట్టెకు బల్బు బిగించి, వేడెక్కువైతే దానంతటదే ఆరిపోయే ఏర్పాటు చేసిచ్చాడు. ఇక ఇల్లంతా వెతికితే ఎండా గాలీ తగలని చోటు ఒక్కటే దొరికింది, నాన్న మగ్గం గుంట. నాన్న అందులోకి కాళ్లు దించుకుని నేస్తుంటే, ఓ మూల నా పెట్టె వెచ్చగా వెలుగుతుండేది. కాళ్లకు ఉక్కపోస్తోందని ఆయన మొదటి గంటలోనే గొడవ మొదలుపెట్టాడు. మగ్గం మీద పెళ్లివారి చీర ఉందాయె. చివరికి వారం గడువిచ్చాడు. ఆలోగా గుడ్లలో ప్రాణం ఉందని చూపించాలి, లేదంటే పెట్టె చెత్తబండి ఎక్కుతుంది. నాయనమ్మ మొహం చూసి, అలాగే అన్నాను.

గడువు రోజు రానే వచ్చింది. చీకట్లో గుడ్డు కింద వెలుగు పెడితే లోపలున్నది కనిపిస్తుందని వీడియోల్లో చూశాను. నూలు చుట్టివచ్చే అట్ట కోను ఒకటి తీసుకుని, వెడల్పు వైపు ఫోను టార్చి పెట్టి, సన్నటి వైపు గుడ్డు ఆనించడమన్నది మాత్రం నా సొంత తెలివి. నాన్నను మగ్గం ఆపించి, గుంటలోకి దిగి, నెత్తిన దుప్పటి కప్పుకుని, తడుముకుంటూ మొదటి గుడ్డు తీశాను. ఎర్రటి వెలుగులో నల్లటి చుక్క. వీడియోలో కన్ను అని చెప్పింది ఇదే. గుడ్డు కాస్త తిప్పితే అదీ కదిలింది, నన్నే చూస్తున్నట్టు అనిపించింది. రెండో గుడ్డులోనూ చుక్క, మూడో దాంట్లోనూ చుక్కే. దుప్పట్లోంచి తల బయటపెట్టి, ఒక్కటీ పోలేదు, అన్నీ బతికే ఉన్నాయని ప్రకటించాను. పక్కింటివాళ్లు కూడా వచ్చారు. నేను కన్ను ఎలా తయారవుతుందో వాళ్లకు ఉపన్యాసం ఇస్తుండగా నాయనమ్మ నెమ్మదిగా అడిగింది.

"ఏమేవ్, నువ్వు చూసింది నేను పెట్టిన చుక్క కాదు కదా?"

పొద్దున నేను స్నానానికి వెళ్లినప్పుడు, గుడ్ల మీద లైటేసి చూస్తారట, దిష్టి తగులుతుందని, ఒక్కో గుడ్డుకీ కాటుక పెట్టేసిందట. పక్కింటివాళ్లు పమిటలు నోట్లో కుక్కుకున్నారు. నాన్న నవ్వలేదు. వీధి తలుపు వైపు చూశాడు, చెత్తబండి వచ్చే వేళే అది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మళ్లీ దుప్పట్లో దూరి, చున్నీ కొసతో ఒక గుడ్డు మీది కాటుక తుడిచి వెలుగు పెట్టాను. లోపల ఖాళీ. ఇంకోటి తుడిచాను, అదీ ఖాళీయే. ఆ తర్వాతి గుడ్డులో మాత్రం సన్నటి ఎర్రపోగులు నాలుగు వైపులకూ పాకి ఉన్నాయి, వాటి నడుమ ఏదో చిన్నది ఊగుతోంది. ఈసారి నేను గుడ్డు తిప్పలేదు. ఈసారి ప్రకటనా చెయ్యలేదు. నాన్నా, ఒక్కసారి నువ్వే చూడు అన్నాను. ఆయన విసుక్కుంటూనే దుప్పట్లోకి తలదూర్చాడు.

"ఆడతందే అమ్మా," అన్నాడు.

మిగతావన్నీ ఆయనే ఒక్కొక్కటీ తుడిచి చూశాడు. సగానికి పైగా గుడ్లలో ఎర్రపోగులున్నాయి. ఇంతకీ గెలిచింది నేనే! ఆ తర్వాత పిల్లలు బయటికి వచ్చేదాకా, దడదడలాడితే లోపల బెదురుతాయని నాన్న మగ్గం మెల్లగా నేశాడు. పెళ్లివారు ఫోన్ చేస్తే, లోపల పసివాళ్లున్నారండీ, కాస్త ఓపిక పట్టండి అని చెప్పాడు. (వాళ్లు మా ఇంట్లో ఎవరో పురిటికొచ్చారనుకున్నారు.) పసుపురంగు పిల్లలను నాయనమ్మ ఒళ్లో పోసిన రోజు ఆమె రెండుసార్లు అన్నం కలుపుకుంది. నా మొహంలో గర్వం చూసి నాన్న, ఉద్యోగం వచ్చినా ఇంత మురవవేమో అన్నాడు. నిజంగానే తర్వాత వచ్చింది, అంత మురవలేదు.

మొన్న విజయవాడలో స్కానింగుకు వెళ్లాను. డాక్టరమ్మ తెర మీద చిన్న చుక్క చూపించి, ఇదిగోనమ్మా మీ బిడ్డ అంది. నేను చున్నీ కొసతో ఆ తెర తుడవబోయాను. ఆవిడ ఏమనుకుందో ఏమో, వెంటనే గుండె చప్పుడు వినిపించింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పుట్టింటికి వచ్చేసరికి నాయనమ్మ కాటుక డబ్బాతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పెట్టు గానీ, ఎక్కడ పెట్టావో చెప్పి మరీ పెట్టు," అన్నాను.