స్లాబు రోజు సీసాలు

గజపతినగరంలో మేము ఇల్లు కట్టుకున్న ఏడాది నేను సిమెంటు, ఇసుక, ఇనుము ధరలు తెలుసుకున్నాను. క్వార్టరు సీసా ధర కూడా తెలుసుకోవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు. పునాది తవ్విన రోజు మందు. గుమ్మం ఎత్తిన రోజు మందు. బోరులో నీళ్లు పడ్డాయని మందు. పడకపోతే ఆ బాధకి ఇంకో సీసా అడిగేవారేమో.

నేను పుట్టింది శ్రీకాకుళం వైపు, సముద్రం ఒడ్డున. మా నాన్న చేపల వేట నుంచి వచ్చి తాగేవాడు. ఒళ్లు నొప్పులకని అమ్మ సరిపెట్టుకునేది. అత్తవారిది రాజాం దగ్గర వ్యవసాయ కుటుంబం. మామగారి రోజుల్లో అక్కడ తాగేవాళ్లు చాటుగా కల్లుకి పోయేవారు గాని, మందు ఇంట్లోకి వచ్చేది కాదు. ఇప్పుడు రెండు వైపులా ఒకటే తీరు. చీరల ఫంక్షనైనా, దినం భోజనాలైనా, కొత్త ట్రాక్టరు కొన్నా, వంటవాడితో సరుకులు మాట్లాడేటప్పుడే మందు సంగతీ తేల్చేస్తున్నారు. ఉప్పూ పప్పూలాగా అదీ ఇంటి ఖర్చే అయిపోయింది.

రేపు స్లాబు అనగా మేస్త్రి వచ్చాడు.

"అమ్మా, రేపు కుర్రోళ్లకి మందూ బిరియానీ సూసుకోవాల. మొన్న పక్క ఈదోళ్లు మంచి బ్రాండే ఇచ్చినారు. మీరు తగ్గితే బాగోదు."

"బిరియానీ పెడతాను. మందివ్వను," అన్నాను.

ఆయన వాదించలేదు. "సర్లెండమ్మా, మీ ఇట్టం," అని మా ఆయన వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

మా ఆయన తల గోక్కుని, "ఒక్కరోజే కదే, ఇచ్చీద్దుం," అన్నాడు. ప్రతిసారీ ఆ ఒక్కరోజే.

మర్నాడు కూలీలు వచ్చారు గాని, కాంక్రీటు కలిపే మిల్లరు రాలేదు. అడిగితే "వస్తన్నాదమ్మా" అంటాడు మేస్త్రి. ఎండెక్కింది. మగవాళ్లు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. తూర్పున మబ్బు పడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

గోడ నీడన కాంక్రీటు మోసే గమేళా బోర్లించి కూర్చున్న ఒక పెద్దామె దగ్గరికి వెళ్లి, "స్లాబు రోజు మీకేమిస్తారు?" అని అడిగాను.

"మాకేటిత్తారమ్మా? బిరియానీ పేకెట్టు. అదీ పిల్లలకి అట్టుకెలిపోతాం. మాపటికి మాయన తాగేసి రోడ్డు మీద దొర్లుతుంటే ఎత్తుకెల్లీది నానే."

మేస్త్రిని పిలిచాను. "సరే, ఇస్తాను. కానీ ఇక్కడ పనిచేసిన ప్రతి మనిషికీ ఇస్తాను. సీసా వద్దన్నవాళ్లకి దాని ఖరీదు చేతిలో పెడతాను. ఆడవాళ్లకి కూడా."

"ఆడోళ్లకి మందు డబ్బులేటమ్మా! ఎక్కడా నేదు!"

"గుమ్మం ఎత్తితే సీసా ఇవ్వడం మా అత్తగారి కాలంలో ఎక్కడుంది?"

ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. పెద్దామె కొంగు బిగించి, "అమ్మ సెప్పిందే నాయం. నేదంటే మేం మొయ్యం," అంది. మేస్త్రి మబ్బుకేసి చూసి ఫోను తీశాడు. కాసేపట్లోనే మిల్లరు వచ్చింది. అది అంతసేపూ పక్క సందులోనే ఉందట.

వాన పడలేదు. పొద్దు గూకే వేళకి స్లాబు పూర్తయింది. మగవాళ్లలో ఒకరిద్దరు డబ్బు తీసుకున్నారు, మిగతావాళ్లు సీసాలే అడిగారు. ఆడవాళ్లు డబ్బు కొంగున ముడేసుకున్నారు. అంతలో పెద్దామె భర్త నా దగ్గరికి వచ్చి, "అమ్మా, దానిది కూడా నాకు సీసాగా ఇచ్చీండి," అన్నాడు. నేను నోరు తెరిచేలోగా ఆమె వెనకనుంచి, "నా డబ్బు ముట్టుకున్నావంటే గమేళాతో కొడతాను, సూడు!" అని అరిచింది. అతను తన సీసా చంకన పెట్టుకుని పోయాడు.

ఇంటికొచ్చాక మా ఆయన, "మందు ఖర్చు తగ్గిస్తావనుకున్నాను. తాగనోళ్లక్కూడా పెట్టించీసినావు," అన్నాడు. నిజమే, ఖర్చు ఇంచుమించు రెట్టింపైంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కొన్నాళ్లకి మేస్త్రి విసుక్కుంటూ వచ్చాడు.

"ఏటి సేసినారో సూడండమ్మా. ఎక్కడ స్లాబేసినా ఆడోళ్లు సీసా డబ్బులడుగుతన్నారు. ఓనర్లు నన్ను తిడతన్నారు."

"అయితే ఎవరికీ మందు లేదనండి. గొడవే ఉండదు."

"అదెలాగవుద్దమ్మా?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

ఇప్పుడు మా చుట్టుపక్కల ఆడవాళ్లకి ఆ డబ్బు కొందరిస్తున్నారు, కొందరివ్వడం లేదు. మందు మాత్రం అందరూ ఇస్తున్నారు.