రాజేశం మామ లాగిన పచ్చ తీగ

మా మేనమామ రాజేశం పరమపదించాడన్న వార్త మొన్న ఉదయం వాళ్ల ఊరు కుంభారి నుంచి ఫోనులో వచ్చింది. ముందునాడే నాతో మాట్లాడిన మనిషి. గుండె ఆగిందని బావ చెబుతుంటే, ఎవరి గురించి చెబుతున్నాడో ఆ దిగ్భ్రాంతిలో కాసేపు నా బుద్ధికి అందలేదు.

కుంఠా నాకా దగ్గరి మరమగ్గాల కార్ఖానాలో ఆయన వైర్‌మ్యాన్. సెలవునాడు మా నేతవాడలో ఇండ్ల వైరింగు చేసేవాడు. మితభాషి. బీడీలు చుట్టే ఆడవాళ్ల చాటల్లో సున్నం రాలకుండా పాత చీర కప్పి గాని గోడ ముట్టేవాడు కాదు. ఆయనను తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ చీరే.

మా ఇంటికి ఫ్రిజ్ వచ్చిన రోజు పండుగే. దానికి మూడు కాళ్ల ప్లగ్గు. మా గోడకు రెండు రంధ్రాల పాత బోర్డు. మామ మూడు రంధ్రాలది బిగించాడు. కానీ ఆ మూడో రంధ్రానికి భూమి నుంచి రావలసిన అర్తింగు తీగ ఇంట్లో లేదు. చాలామంది చేసినట్టే, లోపల చిన్న తీగ ముక్కతో దాన్ని, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగకు కలిపేశాడు. ఏళ్లపాటు ఏమీ కాలేదు. ఒక వానకాలం ఆ న్యూట్రల్ తీగ తెగి, కరెంటు ఫ్రిజ్ ఒంటికి ఎక్కింది. తడిచేత్తో తలుపు పట్టుకున్న అమ్మ విసురుగా పడిపోయింది. ప్రాణం దక్కింది గాని మణికట్టు విరిగి, నెలల తరబడి బీడీ చుట్టలేకపోయింది.

మామ వచ్చి బోర్డు విప్పి చూశాడు. పాత ఇల్లు, వాన అని చెబితే మేమంతా నమ్మేవాళ్లం.

"అక్కా, తప్పు నాదే. అర్తింగు లేకున్నా ఉన్నట్టు జేసి పెట్టిన."

అమ్మ మెల్లగా అడిగింది. "ఇట్ల ఇంకెన్ని ఇండ్లల్ల పెట్టినవ్‌రా?"

ఆ ప్రశ్న ఆయనను నిలవనీయలేదు. ముందు మా పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి కడ్డీ పాతాడు. అక్కడి నుంచి పచ్చ తీగను ప్రతి బోర్డుకూ లాగాడు. పరీక్ష బల్బు నిండుగా వెలిగాకే చేతులు కడుక్కున్నాడు. ఆపైన తాను అలా బిగించిన ఇండ్లన్నీ గుర్తుచేసుకుంటూ ఒక్కొక్క గడపా ఎక్కాడు. తాను చేసింది ఖోటా పని, ఉత్త దొంగపని అని తన నోటితో చెప్పి మరీ సరిచేసేవాడు. కొంతం చౌక్ దగ్గర ఒక పెద్దాయన, ఎవరన్నా చచ్చినంక రాకపోయినవా అని మండిపడ్డాడట. "గందుకే ముందుగాల వచ్చిన కాకా" అని మామ తలవంచుకున్నాడట. చివరికి ఆ పెద్దాయనే చాయ పోయించాడని నవ్వుతూ చెప్పేవాడు.

పని పోతుందని అత్త భయపడింది. నిజంగానే కొందరు పిలవడం మానేశారు. అయినా ఆ ప్రాయశ్చిత్తాన్ని ఆయన రెండేళ్లకు గాని ముగించలేదు.

అంత్యక్రియల నాడు, నేనెన్నడూ చూడని ఒక ముసలమ్మ బస్సెక్కి కుంభారికి వచ్చింది. ఆయన పాదాలకు మొక్కి నా పక్కన కూర్చుంది.

"మా ఇంట్ల ఏం గాలేదు బిడ్డా. మాకు తెల్వనే తెల్వదు. అయినా వచ్చి చెప్పిండు."

అంతకు మించిన నివాళి నేను రాయలేను. వైరింగు తెలిసినవాళ్లు మా వాడలో ఇంకా ఉన్నారు. తన తప్పును తానే వెతుక్కుంటూ గడపగడపకూ నడిచిన ఆ ఋజువర్తనుడు మాత్రం ఇక రాడు.