సాయిలు తీసిన తరుగు

కోస్గి మార్కెట్‌లో కాంటా మీద కందుల బస్తా పెట్టగానే సాయిలు రెండు అంకెలు రాస్తాడు. ఒకటి బస్తా తూకం, రెండోది తరుగు. గోనె, మట్టి, తేమ పోను మిగిలిందే సరుకు. మోకాలు దెబ్బతిని కబడ్డీ మానేశాక మా జట్టుకు స్కోరు రాసే పని కూడా ఆయనే నెత్తినేసుకున్నాడు. అక్కడా తరుగు తీయడం మొదలుపెట్టాడు. కూతకు పోయి తెచ్చిన పాయింట్లలోంచి, పట్టుబడి ఎదుటివాళ్లకు ఇచ్చినవి తీసేసేవాడు. ఆటగాళ్లేమన్నా కందులా అని మేం నవ్వుకునేవాళ్లం.

కరోనాకు ముందు ఏడాది పోటీల్లో మొదటి బహుమతి ముప్పై వేలు. పెద్ద జట్లు హైదరాబాద్ నుంచి రోజుకు ఐదు వేల కిరాయికి ఆటగాళ్లను తెచ్చుకున్నాయి. మేం ప్రవేశ రుసుమే చందాలేసి కట్టాం. మాకున్న ఒకే ఒక్క హీరో సాయిలు తమ్ముడు నవీన్‌కుమార్. తొడ కొడితే ఈలలే ఈలలు. గోడలకు ప్లాస్టరింగ్ చేసే యోహానును మాత్రం ఎవరూ పట్టించుకునేవారు కాదు. తరుగు తీశాక అందరికంటే ఎక్కువ మిగిలేది అతనికేనని సాయిలు చెప్పినా మేం వినలేదు.

ఎలాగో ఫైనల్‌కు చేరాం. నవీన్‌ను చూడ్డానికి హైదరాబాద్ క్లబ్బు మనిషొకాయన వచ్చాడు. నచ్చితే జీతమిచ్చి తీసుకుంటాడట. సాయిలు ఆ పొద్దున అన్నం కూడా ముట్టలేదు.

నవీన్ ఐదుసార్లు పట్టుబడ్డాడు. ఇంకా నాలుగు నిమిషాలుంది, మేం మూడు పాయింట్లు వెనకబడ్డాం. కెప్టెన్ భిక్షపతి సాయిలు దగ్గరికి ఉరికొచ్చాడు.

"జర చెప్పు సాయిలన్నా, ఎవర్ని పంపాలె?"

"నవీన్‌ను కూసోబెట్టు. యోహానును పంపు."

"తమ్ముని నౌకరి సంగతేందే?"

"చెప్తున్న గదా, పంపు."

నవీన్ బయటికొచ్చి కూర్చోగానే క్లబ్బాయన లేచి కారెక్కాడు. యోహాను రెండు పాయింట్లు తెచ్చాడు. తర్వాత కిరాయి ఆటగాడి కాలు దొరకబుచ్చుకుని రెండుసార్లు పడగొట్టాడు. ఒక్క పాయింటుతో గెలిచాం. యోహానును భుజాలకెత్తుకుని బజారంతా తిప్పాం. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ అన్నదమ్ములు మాకు గుర్తే రాలేదు.

పంచుకుంటే తలా రెండున్నర వేలొచ్చాయి. నవీన్ వాటా ఇద్దామని మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. అతను డబ్బు ముట్టుకోలేదు. నా ముందే అన్నను అడిగాడు.

"నేను నీ తమ్ముణ్ణని గప్పుడు యాదికి రాలేదా అన్నా?"



"వచ్చింది రా. అందుకే ఐదుసార్ల దాకా ఊకున్న. నిన్ను మూడోసారికే తియ్యాలె."

అంటూనే సాయిలు ఏడ్చేశాడు.